గుమస్తాను పంపి చూపించుకున్న జబ్బు

పెళ్ళయిన ఆరో ఏట, ఎండాకాలంలో, రాత్రిపూట భార్య దగ్గర నా శరీరం నా మాట వినడం మానేసింది. మొదట అలసట అనుకున్నాను. రెండు నెలలు అదే వరస అయ్యేసరికి లోపం నా భార్య సుభద్రదేనని తేల్చేశాను. మా వంశపు మగవాళ్ళకు అలాంటివి రావని నమ్మకం. ఎస్టేటు పోయింది, వెండి కంచాలు అమ్ముకున్నాం, ఆ నమ్మకాన్ని మాత్రం ఎవరూ కొనలేదు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం కూడా ఉండేవి. అవి ఎండలవల్ల అనుకున్నాను.

నెల్లూరు డాక్టరు ముందు నేను కూర్చుని ఆ మాట చెప్పడమా! మా దగ్గర మిగిలిన ఒక్క గుమస్తా వెంకయ్యను, తన జబ్బుగా చెప్పుకోమని ఇందుకూరుపేటలో బస్సెక్కించాను. యూరిన్ టెస్టు అడిగితే అతను తన మూత్రమే ఇచ్చి వచ్చాడు.

"అంతా నార్మల్ అంటయ్యా. నలుగురు బిడ్డల తండ్రివి, నీకేందయ్యా అని నవ్వినాడు డాక్టరు. నా పరువు పోయిందయ్యా."

నీకు పరువేమిటన్నాను.

తరువాత ఏడాదిపాటు ఒక వైద్యుడి లేహ్యం తిన్నాను. అంతా బెల్లం, తేనె. తిన్నకొద్దీ చిక్కిపోయాను. ఆ పెద్దమనిషికి నాడి చూడటం రాదు, పొగడటం వచ్చు. నాకు కావలసిందీ అదే.

అప్పుడు బోగోలు నుంచి మా మేనమామ దిగాడు. "ఆ గొడ్డుదాన్ని పుట్టింటికి పంపించబ్బయ్యా. ఇంకో పిల్లను చూసి పెట్టినాను."

నేను కాదనలేదు. సుభద్ర విన్నది, పెట్టె సర్దుకుంది. గుమస్తాను పంపిన సంగతి ఆమెకు వెంకయ్య భార్య ఎప్పుడో చెప్పిందట. గడపలో నిలబడి సుభద్ర ఒకటే అడిగింది: "రేపు ఆ పిల్ల వస్తే, ఆమె దగ్గరికి మీ బదులు ఎవర్ని పంపిస్తారు?"

ఆమెను ఆగమన్నాను. మర్నాడు నేనే నెల్లూరు వెళ్ళాను. డాక్టరు గొట్టంలోని నీలం మందులో నా మూత్రం కలిపి వేడి చేశాడు. అది ఇటుక రంగుకు తిరిగింది.

"షుగర్ నిండా ఉంది" అన్నాడు. గుమస్తా కథ చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. "ఇంపొటెన్స్ అంటే ఒకటే జబ్బు కాదండీ. కోరిక తగ్గడం వేరు, కోరికుండి పటుత్వం రాకపోవడం వేరు, తొందరగా అయిపోవడం వేరు. షుగర్‌తో రావచ్చు, సారాతో రావచ్చు, దిగులుతో రావచ్చు. మనిషిని చూడకుండా నేనెట్లా చెప్పేది?"

లేహ్యం మానిపించి ఇన్సులిన్ పెట్టాడు. నాలుగు నెలలకు కొంత గుణం కనిపించింది. కాలికి పుండు పడి మళ్ళీ మొదటికొచ్చింది. ఆ మధ్యలోనే మేనమామ మళ్ళీ వస్తే, నలుగురి ముందూ "లోపం నాది" అన్నాను. కాఫీ ముట్టకుండా లేచిపోయాడు. పోతే పోయాడు.

ఇప్పుడు రోజూ పొద్దున సుభద్రే సూది వేస్తుంది. నేను మొహం తిప్పుకుంటే "జమీందారు గారికి భయం" అని వెక్కిరిస్తుంది. పూర్వంలా అయ్యానని అబద్ధం చెప్పను. పిల్లలు లేరు. మొగుడూ పెళ్ళాలుగా మాత్రం ఉన్నాం.

మీలో ఎవరికైనా ఇలా ఉంటే, భార్యనూ గ్రహాలనూ తిట్టేముందు మీరే వెళ్ళి యూరిన్ పరీక్ష చేయించుకోండి. సిగ్గయితే సిగ్గుతోనే వెళ్ళండి. డాక్టర్లు అలాంటివాళ్ళను రోజూ చూస్తూనే ఉంటారు.