టెంకాయ లేచిన చోటు

నేను కర్నూలులో డ్రాయింగ్ టీచరును. నాకొచ్చిన మొదటి ఆర్డరు, పత్తికొండలో ఒక టమోటా వ్యాపారి కొత్త ఇంటికి హంద్రీ నది పెయింటింగు. రంగులో ఇసుక కలిపి, తడిమితే గట్లూ పాయలూ చేతికి తగిలేలా వేశాను. ఒక మలుపు దగ్గర నీలం మరీ మందంగా పడి లోపల ఆరలేదు. పైన పొర కట్టింది కదా అని, ఎవరికీ చెప్పకుండా గృహప్రవేశం రోజున గోడకు తగిలించేశాను.

వ్యాపారి తండ్రి ఊళ్లో బోర్లకు టెంకాయతో నీళ్ల జాడ పట్టి పాయింట్లు చూసే మనిషి. పటం ముందు చాలాసేపు నిలబడి, "ఇది ఎవురి చేనమ్మా?" అన్నాడు.

"చేను కాదు పెద్దాయనా, హంద్రీ."

"ఏరయితే నీళ్లు యాడుండాయి?"

నేను జవాబు చెప్పేలోపే పూజలోని టెంకాయ తెచ్చి, అరచేతిలో పడుకోబెట్టి, పటం మీదుగా నడిపించాడు. సరిగ్గా ఆ మలుపు దగ్గర టెంకాయ నిటారుగా లేచింది.

"ఈడ శానా ఉండాయి" అంటూ బొటనవేలితో నొక్కాడు. పొర పగిలి నీలం రంగు ఆయన కొత్త పంచె మీదికి కారింది. చుట్టాలంతా నావైపు చూశారు. ఆయన మాత్రం కొడుకు వైపు తిరిగి, "చూసినావా? నా పాయింటు ఎప్పుడన్నా తప్పిండాదా?" అన్నాడు.

పటంలో ఆయన వేలు దిగిన గుంత పూడుస్తానంటే ఆయన ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. నేను మాత్రం అప్పటినుంచి ఏ పెయింటింగు పంపే ముందైనా, తలుపు వేసుకుని, ఒకసారి దాని మీద టెంకాయ తిప్పి చూస్తున్నాను.