మళ్ళీ చుట్టిన తివాచీ

ఇషెన్ చనిపోయినప్పుడు ఊరి శ్మశానంలో చోటివ్వలేదు. పొరుగింటి తొలుబాయ్ గుర్రాన్ని దారికి అడ్డంగా నిలిపి, "ఏసును నమ్మినవాడికి మా తాతల పక్కన మట్టి లేదు" అన్నాడు. ఇషెన్ భార్య జూరకాన్, మేం ఏడుగురు విశ్వాసులం శవాన్ని వెనక్కి తిప్పి వాగు అవతల రాళ్ళలో పూడ్చాం.

జూరకాన్ సాధువని అనుకోకండి. మా నార్యన్ కొండల్లో ఆమెంత నోరు ఇంకెవరికీ లేదు. కోపమొస్తే గరిటె విసిరేది. ఆదివారం ప్రార్థనలో లేచి, "ప్రభువా, ఈ వారమూ ఓర్చుకోలేకపోయాను" అని ఒప్పుకునేది. మరుసటి ఆదివారమూ అదే మాట. నాకు ఒళ్ళు మండేది.

మూడేళ్ళు గడిచాయి. ఈ శరదృతువులో తొలుబాయ్ భార్య కాలిచా వచ్చి జూరకాన్ తలుపు తట్టింది. కూతురి పెళ్ళికి ఉన్ని తివాచీ కావాలి. చాప మీద రంగు ఉన్నితో పొట్టేలు కొమ్ముల ముగ్గు పరచడం జూరకాన్‌కు వచ్చినట్టు మరెవరికీ రాదు.

"వెళ్ళకక్కా! శవాన్ని ఆపినవాళ్ళింటికా?" అన్నాను.

"నోర్ముయ్. నాకూ వెళ్ళాలని లేదు. అందుకే వెళ్తున్నా."

పెళ్ళి తివాచీ పాడైతే మా ఊళ్ళో అరిష్టం అంటారు. అలా జరిగితే ఇక ఏ గడపా జూరకాన్‌ను రానివ్వదు. నేనూ వెంట వెళ్ళాను.

ఏం సందడి! పదిమంది ఆడవాళ్ళు ఉన్ని పరిచారు, సలసల కాగే నీళ్ళు చల్లారు, జమ్ముచాపతో సహా గట్టిగా చుట్టి తాళ్ళు బిగించారు. తొలుబాయ్ ముందు నిలబడి తాడు లాగుతుంటే, లోపలి ఉన్ని ఒకటిగా అతుక్కునేలా వెనకనుంచి అందరూ కేకలు వేస్తూ ఆ చుట్టను కాళ్ళతో తన్నుతున్నారు. గుమ్మం ముందు దుమ్మూ ఆవిరీ కలిసి లేచాయి. నా గుండె కూడా ఎగిరింది.

"గట్టిగా తన్ను వదినా! మీ ఏసు వచ్చి తంతాడనుకున్నావా?" అంది కాలిచా. అందరూ పగలబడి నవ్వారు.

జూరకాన్ ముఖం ఎర్రబడింది. "చాలు, అయిపోయింది, నేను పోతా!" అని వంగి ఒక్క ఊపున తాళ్ళు విప్పేసింది.

ఉన్ని ఇంకా అతుక్కోలేదు. నడిమధ్య, సరిగ్గా కొమ్ముల మీద, జానెడు చిరుగు!

నవ్వులు ఆగిపోయాయి. "నాశనం చేశావు కదమ్మా!" అన్నాడు తొలుబాయ్.

ఆమె వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోవాలనే కోరుకున్నాను. ఆమె మోకాళ్ళ మీద కూలబడింది. పెదవులు కదిలాయి. తర్వాత గట్టిగా అంది: "కోపంతో విప్పాను. తప్పు నాదే, అన్నా. కొంచెం తెల్ల ఉన్ని ఇవ్వండి."

కాలిచాయే ఉన్ని బుట్ట తెచ్చింది. చిరుగు మీద పొర వెనక పొర పరిచి, నీళ్ళు చల్లి, మళ్ళీ చుట్టారు. ఈసారి తొలుబాయ్ తాడును నడుముకు కట్టుకుని లాగాడు. నేనూ దూకి తన్నాను! "ఇంకా! ఇంకా!" అని అరుస్తూ ఎన్ని వందలసార్లు తన్నామో తెలియదు. పొద్దు వాలుతుండగా విప్పాం. కొమ్ములు నిలిచాయి. ఆడవాళ్ళ కేకలకు కుక్కలు మొరిగాయి.

పెళ్ళయిన పది రోజులకు దారిలో జూరకాన్ కనిపించింది.

"తొలుబాయ్ క్షమాపణ అడిగాడా అక్కా?"

"లేదురా. నిన్న ఆయన మీద మూడుసార్లు కోపమొచ్చింది, మూడుసార్లూ ప్రార్థన చేసుకున్నా. నాలుగోసారి తిట్టేశా. ఇవాళ మళ్ళీ మొదటినుంచి."