తాడుకు అవతలి పొయ్యి

ముందే ఒట్టు వేస్తున్నాను. మా గల్లీ మీద ఒట్టు, ఎన్నిసార్లు రాసినా నన్ను కనికరించని మెట్రిక్ మీద ఒట్టు, ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా కల్పన లేదు. (నన్ను ఎరిగినవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.) ఆ రోజుల్లో, అంటే పోలీస్ యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయి ఇంకా ఏడాది తిరగని రోజుల్లో, మా లష్కర్‌లో (సికింద్రాబాదును మేమెవరమూ సికింద్రాబాదు అనేవాళ్లం కాదు) మనుషులు ఎదురుపడితే పలకరించుకునే ముందు ఒక క్షణం ఆగేవాళ్లు. ఆదాబ్ అనాలా, నమస్కారం అనాలా, జైహింద్ అనాలా? ఏదీ తేల్చుకోలేనివాళ్లు దగ్గి ఊరుకునేవాళ్లు. మా బోయిన్‌పల్లిలో అంత దగ్గు అంతకుముందెన్నడూ లేదు.

మా పక్కింట్లో పెట్టెల చిచ్చా ఉండేవాడు. రేకు ట్రంకుపెట్టెలు చేసేవాడు గనక ఆ పేరు. ఆయన నమాజు అరబ్బీలో, తిట్లు ఉర్దూలో, తక్కిన బతుకంతా తెలుగులో. మా నాయన ఆయన్ను 'భాయ్' అంటే, ఆయన మా నాయనను 'అన్నా' అనేవాడు. ఆ ఏడే ఆయన పెద్దబిడ్డ పెండ్లి కుదిరింది, యాప్రాల్ సంబంధం. మావైపు ముసల్మాన్ల పెండ్లిళ్లలో ఒక ఆనవాయితీ ఉండేది. శాకాహారులైన హిందూ చుట్టాల కోసం (పక్కింటివాళ్లు కూడా చుట్టాల లెక్కే) రెండో పొయ్యి పెట్టేవాళ్లు. కొత్త గుండిగలు, వండడానికి ఒక అయ్యగారు, మా బావి నీళ్లు, నడుమ కట్టిన తాడు. ఇవతల పప్పు, పులిహోర, బూరెలు. అవతల బిర్యానీ. చిచ్చా నిష్ఠ ఎంతటిదంటే, ఇటువైపు వచ్చినప్పుడు తన నీడ గుండిగ మీద పడుతుందేమోనని వంగి నడిచేవాడు. చివరికి అయ్యగారే, "నిటారుగ నడువు భాయ్, నడుం పట్టుకుంటది" అని కసిరేవాడు.

కానీ ఆ ఏడు అసలు తినేవాళ్లు వస్తారా అన్నదే అనుమానం. ఒకనాడు చిచ్చా మా అరుగు మీద కూర్చుని, "అన్నా, రెండో పొయ్యి పెడుతున్న. ఎవలన్న ఒస్తరా? ఉత్త పొయ్యి మండితె నా ఇజ్జత్ పోతది" అన్నాడు. "గల్లీ గల్లీని తోలుకొస్త. నువ్వు బూరెలు జెర ఎక్కువ చేయించు" అన్నాడు మా నాయన. అన్నవాడు ఇంటింటికీ తిరిగాడు. మాది ఉల్లిపాయను కూడా ఆలోచించి తినే గల్లీ. అయినా అందరూ వెంటనే సరేనన్నారు, ఒక్క రెండు టోపీల పెద్దమనిషి తప్ప. పోలీస్ యాక్షన్ ముందురోజు దాకా ఆయన నెత్తిమీద కుచ్చు ఊగే ఎర్ర రూమీ టోపీ, మర్నాటి నుంచి తెల్ల గాంధీ టోపీ. ఆయన, "ఒస్త. గని ఏమన్న తేడా కనవడితె లేస్త. నేను లేస్తె అందరు లేస్తరు" అని షరతు పెట్టి మరీ ఒప్పుకున్నాడు.

తాడు మనుషుల్ని ఆపుతుంది గాని వాసనను ఆపదు. పుట్టినప్పటి నుంచి ఆ వాసన పీల్చి పీల్చి నాకు మీసాలు వచ్చాయి. ఆ పెండ్లిలో ఎట్లాగైనా రుచి చూడాలనుకున్నాను. మా నాయన పాత షేర్వాణీ తొడుక్కున్నాను. పెద్దమనిషి తన కొట్టంలో పిడకల వెనక పారేసిన రూమీ టోపీ దులిపి పెట్టుకున్నాను. (కుచ్చు సగం ఎలుక తిన్నది.) తాడు కింద నుంచి దూరి యాప్రాల్ వాళ్ల పంక్తిలో కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన, "ఎవల కొడుకువు బిడ్డా?" అన్నాడు. "పెట్టెల చిచ్చా కొడుకును." "ఆయనకు కొడుకులు లేరు కద?" "అందుకే మీకు తెల్వది." ఆయన నాకేసి జాలిగా చూసి పెద్ద ముక్క ఒకటి నావైపు తోశాడు.

ముద్ద నోట్లో పెట్టానో లేదో, ఎదురుగా తెల్ల టోపీ. అటువైపు ఏం జరుగుతోందో చూసిపోదామని వచ్చిన పెద్దమనిషి ముందు గుర్తుపట్టింది నన్ను కాదు, తన టోపీని. "ఏందిరా, గోష్ తింటున్నవా? ఎవలు పెట్టిండ్రు నీకు?" అన్నాడు గల్లీ అంతా వినేట్టు. అందరూ లేచి వచ్చారు. మా నాయన వచ్చాడు. చిచ్చా వచ్చాడు. అప్పుడు నేను నిలబడి, టోపీ తీసి, "ఎవలు పెట్టలె. నా నాలుకే నన్ను కూసోబెట్టింది. టోపీ మాత్రం ఈ పెద్దమనిషిదే" అన్నాను. యాప్రాల్ వాళ్లు, గల్లీవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. పెద్దమనిషి దగ్గి, వెనక్కి పోయి, బూరెల ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండేది. ఇన్నేళ్లుగా ఎక్కడ చెప్పినా ఇక్కడే ఆపుతాను. కానీ ఈసారి ఒట్టు వేసి కూర్చున్నాను. ఆ కడపటి మాటలు నేను అనలేదు, ఎవరూ నవ్వలేదు, పెద్దమనిషి తల వంచుకోలేదు. అంతకుముందు చెప్పినదంతా నిజమే. ఆయన అడిగినప్పుడు ముద్ద మింగలేక, కక్కలేక నేను అన్నది ఒక్కటే: "వాళ్లే పెట్టిండ్రు."

ఆ ఏడు, ఒక ముసల్మాన్ ఇంటి మీద ఆ మాట ఎంత దూరం పోగలదో నాకు తెలుసు. చిచ్చా నన్ను ఒకసారి చూశాడు. తర్వాత గల్లీకి చేతులు జోడించాడు. "పోరని తప్పేం లేదు. నేనే చూస్కోలె." పెద్దమనిషి అటునుంచి అటే వెళ్లిపోయాడు, వెనకే పంక్తి అంతా. సగం తిన్న విస్తళ్ల నడుమ మా నాయన ఒక్కడే మళ్లీ వచ్చి కూర్చుని, నిదానంగా తిని, ఇంకో బూరె అడిగి వేయించుకున్నాడు.

కొన్నేళ్లకు రెండోబిడ్డ పెండ్లి. గల్లీ మళ్లీ వచ్చింది, పెద్దమనిషి కూడా. రెండో పొయ్యి, తాడు మామూలే. నేను మూల నక్కి ఉంటే చిచ్చా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సరిగ్గా తాడు కింద పీట వేశాడు. "ఎటు కావాల్నంటె అటు చెయ్యి చాపు బేటా. ఎవలు పెట్టిండ్రని అడిగితె, నేనే పెట్టుకున్ననని చెప్పు. గంతె."

ఆ పూట పప్పు కూడా విస్తట్లో వదిలేసి లేచాను. ఇప్పటికీ ఎక్కడైనా బిర్యానీ దమ్ము తీసిన వాసన తగిలితే, తలమీద ఆ టోపీ ఉందేమోనని చెయ్యి దానంతటదే పైకి పోతుంది. టోపీ లేదు, జుట్టూ లేదు. తడుముకుని, నవ్వుకుని, చెయ్యి దించేస్తాను.