అవ్వ ఇచ్చిన నాలుగో మనిషి

దయ్యాలంటే నాకు భయం లేదు, ఎందుకంటే నమ్మకం లేదు. మా గల్లీలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం చూశారా అని అడిగే మనిషిని నేను. ఇంట్లో గిన్నె దానంతటదే కింద పడితే మావాళ్లంతా దేవుణ్ని తలుచుకుంటారు, నేను ఎలుకను తలుచుకుంటాను. ఇప్పటివరకు ప్రతిసారీ ఎలుకే.

ఈ ఒక్క సంగతిలో ఎలుక దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

చలికాలం చివర జరిగింది. నేను నిజామాబాద్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాను. మా అక్క సునీతను రెంజల్ అవతల ఒక ఊరికి ఇచ్చాం. బావ దుబాయ్‌లో ఉంటాడు. అక్క ఇద్దరు పిల్లలతో, ఇంత పొలంతో ఆ ఊళ్లోనే ఉంటుంది. చుట్టాల పెళ్లికని నిజామాబాద్ వచ్చినప్పుడు పిల్లలిద్దరికీ జ్వరం తగిలింది. పసుపు తవ్వే రోజులు, కూలీలు ఆగరు. పిల్లల్ని మా దగ్గర వదిలి తను వెళ్లిపోయింది. జ్వరాలు తగ్గాక వాళ్లను ఊరు చేర్చే పని నాకు పడింది. అక్షరకు ఆరేళ్లు. చింటూకు మూడున్నర.

అక్క ఫోన్‌లో ఒకటే మాట చెప్పింది.

"బండి మీద తేకురా. ఒకడు ముందట నిద్రపోతడు, ఒకతి ఎనుక నిద్రపోతది, నువ్వు నడుమ నిద్రపోతవు. బస్సుకే రా."

పొద్దున బయల్దేరుతుంటే మా అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, గడప దగ్గర బీడీలు చుడుతూ కూర్చుంది. మేం చెప్పులేసుకోవడం చూసి చేట పక్కన పెట్టింది.

"ముగ్గురే పోతుండ్రా?"

ముగ్గురు కలిసి ఊరికి బయల్దేరకూడదని మా ఇంట్లో పట్టింపు. తప్పకపోతే ఒక రాయిని వెంట తీసుకుపోవాలి. ఆ రాయి నాలుగో మనిషి కింద లెక్క. గమ్యం చేరిందాకా దాన్ని దారిలో వదలకూడదు.

"అవ్వా, చింటూగాడు సగం మనిషే. మేం రెండున్నర మందిమి," అన్నాను.

"నీ అకల్ జూస్తె ఇంకా తక్కువైతరు. సంచి ఇటు తే."

బీడీలకు తడిపిన తునికాకు లేవకుండా మీద బరువు పెట్టే రాయి ఒకటి ఉంటుంది అవ్వ దగ్గర. నల్లగా, పిడికిలికంటే కాస్త పెద్దగా, ఒక మూల చెక్కు లేచి ఉంటుంది. ఏళ్ల తరబడి ఆకు వాసన పట్టి, రాయే బీడీలా వాసన వస్తుంది. అది తీసి నా సంచిలో వేసింది.

"దారిల ఇడిశిపెట్టకు. మనిషిని ఇడిశిపెడ్తమా?"

అప్పటికే సంచిలో నీళ్ల సీసాలు, బిస్కెట్లు, మూడు జతల బట్టలు, జ్వరం మందు ఉన్నాయి. నేను మోసేది ఇద్దరు పిల్లల్ని, దుకాణమంత సంచిని. ఇప్పుడు ఒక రాయి.

బస్సెక్కాక పిల్లలు సంచిలో ఏముందని అడిగారు. మీతోపాటు ఒకాయన కూడా వస్తున్నాడని చెప్పి రాయిని తీసి చూపించాను. నా తప్పు అక్కడే మొదలైంది. పిల్లలకు వెటకారం తెలియదు. చెప్పింది నమ్ముతారు.

చింటూ కిటికీ పక్క సీటు కోసం అక్షరతో అప్పటికే ఒక యుద్ధం చేసి గెలిచాడు. గెలిచిన సీటును రాయికి ఇచ్చేశాడు. ఒక బిస్కెట్ దాని ముందు పెట్టాడు. కండక్టర్ వస్తే వాడే అడిగాడు.

"గాయనకు టికెట్ తీస్కున్నవా మామా?"

కండక్టర్ నవ్వలేదు. "ఈ బస్సుల ఆడోళ్లకు ఫ్రీ, శిన్న పిల్లలకు ఫ్రీ, రాళ్లకు ఫ్రీ. మీ మామ ఒక్కనికే టికెట్," అని నా చేతిలో పెట్టి పోయాడు.

ఎడపల్లి దగ్గర చింటూ నా చొక్కా మీద కక్కాడు. అక్షర ముక్కు మూసుకుని, "మామా, నువ్వు వాసనొస్తున్నవు," అంది. కడుక్కుని కూర్చునేసరికి వాడు నా భుజం మీద నిద్రపోయాడు. నిద్రపోయిన పసివాడి బరువు ఒకటి ఉంటుంది. మెలకువలో ఉన్నప్పటి కన్నా ఎక్కువ. ఈ ప్రాణాన్ని నీకు అప్పగించానని ఎవరో చెప్పినట్టుంటుంది. బోధన్ వచ్చేదాకా భుజం కదపలేదు. ఆ అరగంట నాకు చాలా బాగుంది. ఇది ఎవరికీ చెప్పలేదు, దుకాణంలో ఏడిపిస్తారు.

బోధన్‌లో ఆటో ఎక్కాం. డ్రైవర్ ఖాజా భాయ్, యాభై ఏళ్లుంటాయి. సాయంత్రం నాలుగింటికి నన్ను మళ్లీ బోధన్‌లో దింపాలని మాట్లాడుకుని నా నంబరు ఇచ్చాను. ఈ నంబరు సంగతి గుర్తుంచుకోండి.

ఊళ్లు దాటాక ఒక మోరీ మీద, అదే చిన్న కల్వర్టు మీద, ఆటో టైరు పంక్చరైంది. అక్కడ రోడ్డు కొద్దిగా వాలుగా ఉంది. పక్కన ఒక బోరు పంపు, దాని దగ్గర ఒక వేపచెట్టు, దూరంగా మేస్తున్న బర్రెలు తప్ప ఏమీ లేవు. ఆటో జారకుండా చక్రం వెనక పెట్టడానికి ఖాజా భాయ్ రాయి కోసం వెతుకుతున్నాడు. నేను సంచిలోంచి తీసి ఇచ్చాను.

"సంచిల రాళ్లు ఏసుకోని తిరుగుతున్నవేంది తమ్మీ?"

"రాయి గాదు భాయ్, మా మనిషే," అన్నాను.

చక్రం మార్చి బయల్దేరాం. కొంత దూరం వచ్చాక అక్షర ఒక్కసారి అరిచింది. "మామా, ఆయనను మర్శినం!"

వెనక్కి పోనివ్వమని అడిగితే ఖాజా భాయ్ పోనిచ్చేవాడే. నాకు సిగ్గనిపించింది. రాయి కోసం ఆటో తిప్పిన మనిషిగా మిగలదలుచుకోలేదు.

"ఆయన ఊరు అదేనే. దిగిపోయిండు," అన్నాను.

ఖాజా భాయ్ గట్టిగా నవ్వాడు. అక్షర మూతి ముడుచుకుంది. చింటూ మాత్రం ఆటో వెనక సందులోంచి చూస్తూనే ఉన్నాడు.

"ఒక్కడే ఉంటడా మామా?" అని అడిగాడు.

బర్రెలున్నాయి కదా తోడు అన్నాను.

అక్క ఊరి మలుపు దగ్గర దిగాం. అక్కడ కాలువ మీద చిన్న వంతెన ఉంది. నిజాంసాగర్ నీళ్లు వచ్చే పిల్ల కాలువ అది. కాలువకు అటూ ఇటూ చెరుకు. ఇప్పుడు మావైపు చెరుకు తగ్గింది, అంతా వరే, కానీ ఆ మలుపులో మిగిలిన చెరుకు నాకన్నా రెండింతలు ఎత్తుంది. రోడ్డు మీద కొంచెం వెనకగా కూలీలు ట్రాక్టరుకు చెరుకు ఎత్తుతున్నారు. అక్క స్కూటీ మీద వచ్చి తీసుకుపోతానంది. ఖాజా భాయ్ ఆటో తిప్పుకుని బోధన్ వైపు వెళ్లాడు.

పిల్లలిద్దరినీ వంతెన గోడ దగ్గర నిలబెట్టి ఫొటో తీసి అక్కకు పంపాను. ఫొటో మీద టైము పదకొండు ముప్పై ఎనిమిది.

చింటూ ఒంటికి అన్నాడు. చెప్పులు విప్పి, నిక్కరు విప్పి, చెరుకు అంచున నిలబెట్టాను. అక్షర నీళ్లడిగింది. సీసా మూత బిగుసుకుంది. మూత తీసి, ఆమె చేతికిచ్చి, తిరిగాను.

చెరుకు అంచున చెప్పులు, నిక్కరు ఉన్నాయి. చింటూ లేడు.

మొదట పిలిచాను. తర్వాత అరిచాను. చెరుకులోకి దూరాను. చెరుకు తోటలో రెండు సాళ్లు లోపలికి పోతే రోడ్డు ఎటుందో తెలియదు. ఆకులు కత్తుల్లా కోస్తాయి. బయటికి వచ్చేసరికి నా చేతులు, మొహం గీతలు పడి నెత్తురు కారుతోంది. కాలువ వైపు చూశాను. నీళ్లు నా నడుము పైదాకా ఉంటాయి. వాడికి తల మునుగుతుంది. గట్టు దిగి బురదలో మోకాళ్లదాకా దిగబడ్డాను.

కూలీలు పరుగెత్తుకొచ్చారు. మహారాష్ట్ర వైపు నుంచి కోతకు వచ్చినవాళ్లు. ఒకామె అక్షరను చంకనెత్తుకుని మరాఠీలో "బాళా, బాళా", బిడ్డా బిడ్డా అని చెరుకులోకి కేకలు వేస్తోంది. ఇద్దరు మగవాళ్లు కాలువలో దిగి చేతులతో వెతుకుతున్నారు. వాళ్ల చేతులు నీళ్లలోంచి పైకి వచ్చిన ప్రతిసారీ నేను కళ్లు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి నాకు ఒక్క జోకు కూడా రాలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. పన్నెండు దాటి నాలుగు నిమిషాలు. అక్క అనుకుని ఎత్తడానికి భయపడ్డాను. ఖాజా భాయ్.

"ఏం తమ్మీ, పోరన్ని ఈడ కూసోబెట్టి నువ్వేడికి పోయినవ్?"

పంక్చరైన మోరీ దగ్గర పానా మర్చిపోయి, దాని కోసం ఆగాడట. అప్పుడక్కడ ఎవరూ లేరు. చెట్టు కింద కూర్చుని డబ్బా విప్పి తిన్నాడు. బోరు దగ్గర చెయ్యి కడుక్కుని తిరిగి చూస్తే మోరీ గోడ పక్కన చింటూ కూర్చుని ఉన్నాడు.

అక్షరను ఆ కూలీ ఆమె దగ్గరే ఉంచాను, ట్రాక్టరాయన తన బండి మీద నన్ను మోరీ దగ్గరికి తీసుకుపోయాడు. చింటూ ఒళ్లో రాయి ఉంది. చెక్కు లేచిన మూల, తునికాకు వాసన. వాణ్ని ఎత్తుకుని ఒళ్లంతా తడిమాను. చొక్కా పొడిగా ఉంది. ఒంటి మీద ఒక్క ఆకు గీత లేదు. అరికాళ్లు చూశాను. కాలువ గట్టంతా నల్లరేగడి బురద, నా కాళ్లు మోకాళ్లదాకా అదే. వాడి అరికాళ్లు స్నానం చేయించినట్టున్నాయి.

"ఎట్లొచ్చినవ్‌రా?" అని అడిగాను.

వాడు రాయిని చూపించాడు. "గాయన పిల్శిండు. ఒక్కడే ఉన్నడు. గందుకే వచ్చిన."

ఖాజా భాయ్ నవ్వలేదు. "నేను చెయ్యి కడుగుతుంటె పోరడు ఎవరితోనో మాట్లాడుతుండె. నువ్వే ఉన్నవనుకున్న," అన్నాడు.

మేం మలుపుకు తిరిగి వచ్చేసరికి అక్క వంతెన మీద నిలబడి ఉంది. ఒక చేతిలో వాడి చెప్పులు. ఏం జరిగిందో కూలీలు చెప్పేశారు. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. వాణ్ని తీసుకుని మెడ దగ్గర మొహం పెట్టుకుంది. తర్వాత నావైపు చూడకుండా అడిగింది.

"అవ్వ రాయి ఇచ్చిందా?"

ఇచ్చిందన్నాను. దారిలో వదిలేశానని కూడా చెప్పాను. అక్క వాణ్ని దించి చెప్పులు తొడిగింది.

ఇంటికి పోయాక, గాయన ఒక్కడే ఉన్నాడని వాడు అన్న మాట చెప్పాను. అక్క వంటింట్లో ఉన్నదల్లా బయటికి వచ్చింది.

"గా మాట నాదేరా. బాపు ఏడున్నడని రోజు పండుకునేటప్పుడు అడుగుతడు. దుబాయ్‌ల ఒక్కడే ఉన్నడు బిడ్డా అని చెప్త."

సాయంత్రం నేను బయల్దేరుతూ రాయిని సంచిలో వేసుకోబోయాను. అక్క నా చేతిలోంచి తీసుకుంది.

"ఈడ కూడా ముగ్గురమే గద," అంది. కడిగి, పిల్లల పక్క దగ్గర గూట్లో పెట్టింది.

తర్వాత నేను నా పద్ధతిలో వెతికాను. బండి మీద పోయి కొలిచాను. మలుపు నుంచి మోరీకి రెండు కిలోమీటర్ల పైనే. రోడ్డు మీద నడిచి పోవాలంటే ఆ ట్రాక్టరును దాటాలి. అక్కడున్న ఎనిమిది మందిలో ఒక్కరూ పిల్లవాణ్ని చూడలేదు. చెరుకులోంచి పోవాలంటే కాలువ దాటాలి. మరోసారి చింటూ నిజామాబాద్ వచ్చినప్పుడు వాణ్ని మా ఇంటి నుంచి గల్లీ చివరిదాకా నడిపించి చూశాను. ప్రతి కుక్కనూ పలకరించడంతో అదే ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరో ఎత్తుకుపోయి దింపారంటే, ఎవరు, ఎందుకు, సరిగ్గా ఆ రాయి దగ్గరే ఎందుకు? ఫొటోలో ఏదైనా నీడ ఉందా అని అడుగుతారు. ఏమీ లేదు. అక్షర కళ్లు మూసుకుంది, అంతే.

అవ్వకు చెప్తే ఆశ్చర్యపోలేదు. బీడీ దారం ముడివేస్తూ, "ఇడిశిపెట్టద్దన్న గద," అంది. ఆకు మీదికి వేరే రాయి తెచ్చుకుంది.

మొన్న బావ సెలవు మీద వచ్చాడు. నేను అక్క ఊరికి పోయేసరికి నలుగురూ అన్నం తింటున్నారు. గూట్లో రాయి అలాగే ఉంది.

"ఇంగ మీరు నలుగురైండ్రు గదరా. దాన్ని అవ్వకిచ్చేద్దామా?" అని చింటూను అడిగాను.

వాడు ముద్ద నములుతూ నన్ను జాలిగా చూశాడు. "బాపు మళ్ల పోతడు గద మామా," అన్నాడు.

బావ తల దించుకున్నాడు. నేను రాయిని గూట్లో ఇంకాస్త లోపలికి జరిపాను.