తెల్లగా మిగిలిన తొమ్మిది రేకులు

నా భార్య పట్టుగుడ్డ ముక్కలకు రంగు వేయించి, వేడి గరిటె వెనుకభాగంతో ఒత్తి, పూలరేకుల్లా వంపు తీసి అట్ట మీద కుట్టేది. ఆమె జ్వరంతో పోయి నాలుగు నెలలయింది. చివరి పటంలో రెండు ఎర్ర తామరలు పూర్తయ్యాయి. మూడోదాని చోటు ఖాళీగా ఉంది. దాని రేకులు తొమ్మిది ఒక డబ్బాలో దొరికాయి. వంపు తీసినవే, కాని రంగు లేదు.

ఎరుపు వేయించి పటం పూర్తి చేయిద్దామని ఈ రోజు జమ్మలమడుగులో బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్లాను. ఆమె గుడ్డలకు ఎప్పుడూ రంగు వేసే సాయిబు వాటిని చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఒత్తినాక రంగెట్ట ఏస్తారప్పా? నీళ్లు తగిల్తే వంపంతా పోతాది. ముందు రంగు, ఆమైన గరిటె."

"మరి తెల్లవి ఎందుకు ఒత్తింది? మరిచిపోయిందా?"

"నన్నడుగుతాండావా? ఆయమ్మకు పని శానా తెలుసు. తెల్ల తామరే కావాలనుకున్యాదేమో. లేకుంటే జెరంలో పొరపాటు పడిందేమో. ఇంట్లో ఉండేవానివి, నీకే తెలీదా?"

తెలియదు. బి.ఏ. చదివినవాడిని, ఒక పువ్వు రంగు తేల్చలేక డబ్బా పట్టుకుని తిరిగొచ్చాను. పట్టుపూలు చేసేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, రెండు ఎరుపుల పక్కన తెలుపు పెడతారా?

మూడో పువ్వుకు ఏ రంగు బాగుంటుందని ఆమె నన్నొకసారి అడిగింది. పత్రిక చదువుకుంటూ నీ ఇష్టం అన్నాను. తన ఇష్టమేమిటో అప్పుడే చెప్పింది. అదేమిటో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.