లైన్ మంచిగనే ఉంది

మా అమ్మాయి సునీత తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక ఉదయం బడికి బయలుదేరి గేటు దగ్గరే కూలబడింది. దగ్గితే రుమాలుకు నెత్తురు అంటింది. ఎక్స్-రే, కఫం పరీక్ష చేసి టీబీ అన్నారు. నెలల తరబడి మాత్రలు మింగినా జ్వరం పోలేదు. కల్చర్ రిపోర్ట్ చూసి డాక్టర్, "ఇది ఎండీఆర్. మామూలు మందులకు లొంగదు. రోజూ ఇంజెక్షన్ ఇవ్వాలి. ఇప్పట్లో బడికి పంపకండి" అన్నారు.

"మరి నా టెన్త్?" అన్నది సునీత. జబ్బు పేరు విన్నప్పుడు ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది.

నేను శామీర్‌పేటలో ఒక కోళ్ల ఫారంలో దాణా పాళ్లు లెక్కగట్టేవాణ్ణి. ఎవరూ నేర్పని లెక్కలే. ఆమె చదువుకూ అలాగే పాళ్లు కట్టాను. ఓపెన్ స్కూల్‌లో చేర్పించి, తనకు నచ్చిన సబ్జెక్టులే తీసుకున్నాం. బ్రాడ్‌బ్యాండ్ పెట్టించి, పాత కంప్యూటర్ తెచ్చాను. బడిలో లెక్కలు చెప్పిన లక్ష్మి టీచర్, యాప్రాల్‌లోని తన ఇంటి నుంచే ఇంటర్నెట్లో పాఠాలు చెబుతానన్నారు. మాత్రల వికారం తగ్గిన వేళ లెక్కలు, నీరసంగా ఉన్న వేళ తెలుగు.

"ఏమ్మాయ్, ఇవాళ నావి ఎన్ని తప్పులు పడతావ్?" అని మొదలుపెట్టేవారు టీచర్.

"మీరు జేసినన్ని, టీచర్!"

ఆ నవ్వు వింటే మాకు అన్నం సయించేది.

చలికాలంలో ఒకరోజు, "నాయినా, లైన్ ఖరాబైంది. టీచర్ గొంతు వస్తాంది గని, మాట సమజైతలేదు" అన్నది. వాల్యూమ్ పెంచాను. హెడ్‌ఫోన్ మార్చాను. లైన్‌మన్‌ను మళ్లీ మళ్లీ పిలిచాను. అతను స్తంభం దిగి విసుక్కున్నాడు: "అన్నా, నీ లైన్ మంచిగనే ఉంది. ఊకె పిలుస్తవేంది?"

అతను వెళ్లాక ఆమె హెడ్‌ఫోన్ నేను పెట్టుకున్నాను. "సునీతా, వినిపిస్తోందా తల్లీ?" అంటున్నారు టీచర్. ప్రతి అక్షరం స్పష్టంగా ఉంది. సునీత నా ముఖమే చూస్తోంది.

ఆసుపత్రిలో ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించాం. "ఇంజెక్షన్ వల్ల చెవి లోపల దెబ్బతింది. ఇంజెక్షన్ మారుస్తాం. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు" అన్నారు డాక్టర్. ఆ మాటలు కాగితం మీద రాసి సునీతకు ఇచ్చాను. చదివి, "పరీక్షయితే రాయొచ్చు గద?" అన్నది.

ఆ తర్వాత టీచర్ పాఠాలన్నీ టైప్ చేసి పంపారు. మధ్యలో కావాలనే ఒక తప్పు వదిలేవారు. సునీత దాన్ని పట్టుకుని తిరిగి పంపేది, నవ్వకుండా.

టీబీ నయమైంది. టెన్త్ పాసైంది. ఇప్పుడు చెవికి మిషన్ పెట్టుకుని కండ్లకోయలో ఒక ఆఫీసులో టైపింగ్ పని చేస్తోంది. మేము ఆమెను వెనక నుంచి పిలవం. ఎదురుగా వెళ్లి నిలబడతాం.

ఇలాంటి ఇంజెక్షన్ మొదలుపెడుతుంటే, ముందే ఆడియోమెట్రీ చేయించమని అడగండి. మందు నడిచినన్నాళ్లూ నెలనెలా చేయించండి. మీ మనిషి "నాకు వినబడట్లేదు" అని చెప్పకపోవచ్చు. ఫోన్ బాగాలేదనో, మీరు గొణుగుతున్నారనో అంటారు. ఆ మాట విన్న రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.