నాలో దాగిన జంతువు

మా అమ్మాయి చదువు సాయాన్ని ఆరు నెలలపాటు తొక్కిపెట్టిన దుర్మార్గుణ్ణి పట్టుకోవడానికి నేను అనంతపురం మీదికి మూడుసార్లు దండెత్తాను. మూడోసారి పట్టుకున్నాను కూడా. నలభైమంది చూస్తుండగా పట్టుకున్నాను. పట్టుకున్నాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఆ దుర్మార్గుడికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఎందుకో మీకే తెలుస్తుంది. నవ్వాలనిపిస్తే నవ్వేయండి, నాకు అలవాటైపోయింది.

ముందు నా సంగతి చెప్పాలి. పేరు ఓబులేసు, ఊరు పామిడి. ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో ఉండి హవల్దారుగా దిగిపోయాను. సైన్యంలో దర్బారు అని ఒకటి జరుగుతుంది. జవాన్లందర్నీ కూర్చోబెట్టి పెద్ద దొర నిలబడి అడుగుతాడు, "కోయీ తక్లీఫ్?" అని. అంటే ఏమైనా కష్టముందా అని. వందలమందిమి ఒకే గొంతుతో "నహీఁ సాబ్!" అని అరుస్తాం. పప్పులో రాళ్ళున్నా, బూట్లు కరుస్తున్నా, ఇంటి మొహం చూసి ఏడాదైనా, నహీఁ సాబే. అరిచి అరిచి ఆ మాట నా ఎముకల్లో ఇంకిపోయింది. ఇంటికొచ్చాక మా ఆవిడ లక్ష్మీదేవి "పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, ఉప్పే వెయ్యలేదని నాలుక మొత్తుకుంటున్నా, "అంతా బాగుండాది" అనేవాణ్ణి. పాపం, ఆమె అదే పులుసు రెండో పూట తను తిన్నప్పుడు గాని నిజం బయటపడేది కాదు.

మాకు ఒక్కతే కూతురు, శైలజ. అనంతపురంలో హాస్టల్లో ఉండి నర్సింగు చదివేది. మాజీ సైనికుల పిల్లల చదువుకి ఏడాదికోసారి సాయం వస్తుంది. మొదటి రెండేళ్ళూ అడగకుండానే వచ్చింది. నా పింఛను ఇంటికి సరిపోతుంది. వేరుశనగ చేను వానను నమ్ముకుంది. వాన మమ్మల్ని ఎప్పుడో మరిచిపోయింది. కాబట్టి అమ్మాయి చివరి ఏడాది ఫీజుకి ఆ సాయమే దిక్కు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు కాబట్టే ఇదంతా.

ఆ ఏడు శైలజ తన పాత ఫోను నా చేతిలో పెట్టి చెప్పింది. "నాయనా, ఇంకమీద ఏదున్నా ఫోన్లోనే పంపిస్తారంట. వచ్చిందంతా చదివి జవాబియ్యి. మరిచిపోవద్దు."

సైనికుడికి ఉత్తర్వు ఉత్తర్వే. వచ్చినదానికల్లా జవాబివ్వడం మొదలుపెట్టాను. మొదటగా వచ్చింది ఏమిటంటే: "మీలో దాగిన జంతువు ఏది? పది ప్రశ్నలతో తెలుసుకోండి!"

అరుగు మీద కూర్చుని నిజాయితీగా పదింటికీ జవాబు నొక్కాను. ఫోను కాసేపు గిరగిరా తిరిగి ఒక బొమ్మ చూపించింది. గొర్రె. కింద రాసి ఉంది: "మీరు సౌమ్యులు. నలుగురితో కలిసి నడుస్తారు. ఎవరు ఎటు తోలితే అటు పోతారు."

పక్కింటి తిప్పన్న అప్పుడే గొర్రెల్ని దొడ్లోకి తోలి వచ్చాడు. నా భుజం మీంచి తొంగి చూశాడు.

"ఏమన్నా, ఫోన్లో గొర్రెను సూస్తాండావు? నా దగ్గర ఎనభై ఉండాయి, వచ్చి సూడరాదా?"

"అది గొర్రె కాదప్పా. నేను."

తిప్పన్న బొమ్మ వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "మీసం ఒగటి తగ్గింది" అన్నాడు.

లోపల్నించి లక్ష్మీదేవి నవ్వు వినిపించింది. బార్డర్లో మంచు గుట్టల మీద కాపలా కాసిన మనిషి గొర్రె ఏమిటండీ! ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. రెండోసారి కుందేలు వచ్చింది. మూడోసారి బాతు. నాలుగోసారికి కిటుకు దొరికింది. "కష్టం వస్తే ఏం చేస్తారు?" అన్నదానికి "ఎవరినైనా సాయం అడుగుతాను" అని నొక్కుతున్నాను, అక్కడే చెడుతోంది. "ఒంటరిగా ఎదుర్కొంటాను" అని నొక్కాలి. "మీకు ఇతరుల తోడు అవసరమా?" అంటే "అవసరం లేదు" అనాలి. అంటే దర్బారులో చెప్పినట్టే అన్నమాట! ఇంత చిన్న సంగతికి ఇంతసేపు బాతుగా ఉండిపోయాను.

ఐదోసారి ఫోను గిరగిరా తిరిగింది. జూలు విదిలిస్తూ సింహం వచ్చింది.

ఆ తర్వాత నేను ఆగలేదు. "మీరు ఏ కాలపు రాజు?", "మీరు ఏ ఆయుధం?", "మీరు ఏ పండు?" అన్నిటికీ అదే మంత్రం. కష్టం లేదు, తోడు వద్దు, భయం లేదు. పండ్లలో మాత్రం పనసపండు వచ్చింది, అది కూడా గౌరవంగానే తీసుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఇంకో ప్రశ్నల పత్రం వచ్చింది. పైన ఏదో ముద్ర, ఏదో పెద్ద పేరు. ఇలాంటివాటికి పైన ఏదో ఒక అలంకారం ఉంటూనే ఉంటుంది కదా అని చదవలేదు. "మీ బిడ్డ చదువు ఖర్చు భరించడం మీకు కష్టంగా ఉందా?" అంది. సింహానికి కష్టమా? "లేదు." "సాయం ఆలస్యమైతే చదువుకు ఇబ్బంది కలుగుతుందా?" "లేదు." "ఈ ఏడాది మీకు సాయం అవసరమా?" బొటనవేలితో ఠపీమని కొట్టాను, "అవసరం లేదు." చివర్లో ఇంకేమైనా చెప్పదలచుకుంటే రాయమని ఖాళీ ఇచ్చారు. "అంతా సలామత్. జై హింద్" అని రాశాను. సలామత్ అంటే క్షేమం అని.

ఫోను తిరగలేదు. జంతువు రాలేదు. "మీ జవాబులు నమోదైనవి" అని మాత్రం వచ్చింది.

"ఇదేం క్విజ్జప్పా, చివర్లో కోడిపిల్ల కూడా రాలే" అని తిప్పన్నతో చెప్పుకుని బాధపడ్డాను.

రెండ్రోజులకి చేలో కలుపు తీస్తుంటే ఫోను మోగింది.

"ఓబులేసు గారా? ఆఫీసు నుంచి మాట్లాడతాండాం సార్. మీ జవాబులు సూసినాం. మీకు నిజంగా ఏమీ ఇబ్బంది లేదా?"

అంతే. కాళ్ళు వాటంతటవే దగ్గరకొచ్చాయి. వెన్ను నిటారుగా లేచింది. చేతిలో కలుపు మొక్కతో సహా అటెన్షన్‌లో నిలబడి, "లేదు సార్! అంతా సలామత్ సార్!" అని అరిచి పెట్టేశాను.

గట్టు మీద నుంచి తిప్పన్న అడిగాడు. "ఎవరన్నా?"

"ఎవరో మర్యాదస్తుడు. నా యోగక్షేమం కనుక్కున్నాడు."

నెలలు గడిచాయి. వాన రాలేదు, సాయమూ రాలేదు. శైలజ మొదట్లో వారానికోసారి అడిగేది. తర్వాత అడగడం మానేసింది. ఒకరోజు మాత్రం గొంతు తగ్గించి చెప్పింది. "నాయనా, పదో తేదీ లోపల ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్ ఇయ్యరంట. పరీక్ష రాయనియ్యరు."

లక్ష్మీదేవి చెవి కమ్మల మీద చెయ్యి వేసుకుంది.

"గమ్మునుండు!" అన్నాను. "ఎవడో నా ఫైలు మీద కూర్చున్నాడు. వాణ్ణి లేపుతా."

మొదటి దండయాత్రలో మాజీ సైనికుల ఆఫీసులో క్లర్కు సీట్లో లేడు. ఖాళీ కుర్చీని తిట్టి వచ్చాను. రెండోసారి దొరికాడు. కళ్ళజోడు పెట్టుకున్న నిదానమైన మనిషి. "అన్నా, నీ ఫైలు నీ జవాబుల కాడ ఆగిపోయిండాది. ఒగసారి కూర్చో, సూద్దాం" అన్నాడు. నేను కూర్చుంటానా? "నా జవాబుల్లో తప్పుండదు! ఇరవై నాలుగేండ్లు దేశానికి జవాబు చెప్పినోణ్ణి!" అని బల్ల గుద్ది బయటికొచ్చాను. ఆ గుద్దుకి అరచెయ్యి వారం రోజులు వాచింది. మందు రాస్తూ లక్ష్మీదేవి "నొప్పా?" అని అడిగింది. ఏం చెప్పానో మీకు తెలుసు.

మూడోసారి తొమ్మిదో తేదీ. మెడల్స్ తగిలించుకుని, సాక్ష్యానికి తిప్పన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను. వరండా నిండా ముసలి సుబేదార్లు, జవాన్ల భార్యలు, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని వరసలో కూర్చున్నారు. గుమ్మంలోనే గొంతెత్తాను.

"నా కూతురి చదువు ఆపిన గాడిద ఎవరో ఈ పొద్దు తేలాల!"

క్లర్కు కళ్ళజోడు సవరించుకున్నాడు. "కూర్చో అన్నా, మెల్లగా మాట్లాడుకుందాం."

"మెల్లగా లేదు! ఏం రాసిండాదో గట్టిగా సదువు! అందరూ ఇనాల!"

"గట్టిగానా? బాగా ఆలోచించుకో."

"గట్టిగానే!"

కంప్యూటరు తనవైపు తిప్పుకుని చదవడం మొదలుపెట్టాడు. "చదువు ఖర్చు భరించడం కష్టంగా ఉందా? లేదు. ఆలస్యమైతే ఇబ్బంది కలుగుతుందా? లేదు."

ఈ ప్రశ్నలు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. చెవుల వెనక చెమట పట్టింది.

"సాయం అవసరమా? అవసరం లేదు. ఇంకేమైనా చెప్పదలచుకున్నారా? అంతా సలామత్. జై హింద్."

అలవాటు కొద్దీ వరసలో ఉన్న ఒక ముసలి సుబేదారు లేచి నిలబడి "జై హింద్" అన్నాడు.

"అనుమానం వచ్చి ఫోను కూడా చేసినా అన్నా" అన్నాడు క్లర్కు. "అంతా సలామత్ అని అరిచి పెట్టేసినావు. నా చెవి రెండ్రోజులు గుయ్యిమనింది."

ఒకావిడ ముక్కున వేలేసుకుంది. "ఏమప్పా, సాయం వద్దని నువ్వే రాసి, మళ్ళా నువ్వే కొట్లాటకు వచ్చినావా!"

తిప్పన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, గాడిద దొరికింది కదా. ఇంక కూర్చో."

నలభైమంది ఒక్కసారిగా నవ్వారు. ఏ ప్రశ్నా అడగకుండానే నాలో దాగిన జంతువు ఏదో అందరి ముందూ తేలిపోయింది.

క్లర్కు మాత్రం నవ్వలేదు. "జవాబులు ఫోన్లోనే మార్చొచ్చు. దాంతోపాటు ఈ కాగితం మీద బిడ్డ సంతకం కావాల. సాయంత్రం లోపల తెస్తే కాలేజీకి నేను ఉత్తరం రాసిస్తా" అన్నాడు. ఆయన కడుపు చల్లగా ఉండాలి.

హాస్టల్‌కి పరిగెత్తాం. శైలజ వరండాలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక కాగితం. నన్ను చూసి దాచబోయింది. లాక్కుని చూశాను. ప్రిన్సిపాల్‌కి రాసిన ఉత్తరం. ఇంటి పరిస్థితి బాగాలేదు, పరీక్ష వచ్చే ఏడాది రాస్తాను, ఈలోపు ఏదైనా పనిలో చేరతాను అని. అప్పటిదాకా నలభైమంది నవ్వినందుకు పడ్డ సిగ్గు ఈ సిగ్గు ముందు ఏపాటిది?

జరిగిందంతా చెప్పేశాను. సింహం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నాయనా, ఆళ్ళు అడిగింది నీ ధైర్యం గురించి కాదు. నా చదువు గురించి."

ఆ పిల్ల ఉత్తరం నాలుగు ముక్కలు చేసి, ఫోన్లో కొత్త ఫారం తెరిచి నా ముందు పెట్టింది. "చదువు ఖర్చు భరించడం కష్టంగా ఉందా? నొక్కు."

నమ్మండి, వేలు కదల్లేదు. తుపాకీ పేల్చిన వేలు "అవును" అనే గుండ్రం దగ్గరికి వెళ్ళి వెనక్కి వస్తోంది.

తిప్పన్నకి ఓపిక నశించింది. "అన్నా, పంట నష్టం రాసుకునేదానికి సార్లు వచ్చినప్పుడు మేమెట్ల నిలబడతామో సూసినావు కదా. మొగం దించు. తువ్వాలు చేతిలోకి తీసుకో. బాగుండే చేను పక్కకు పోనియ్యకుండా ఎండిన చేనుకాడికే తీసుకపో. ఆఁ, ఇంగా దించు. ఇప్పుడు నొక్కు."

తువ్వాలు పట్టుకుని, మొహం దించి నొక్కాను. "అవును. కష్టంగా ఉంది." అంత బరువైన పని ఇరవై నాలుగేళ్ళ నౌకరీలో చెయ్యలేదు. విచిత్రం ఏమిటంటే, నొక్కాక భుజాలు తేలికయ్యాయి. శైలజ నవ్వింది. ఆరు నెలల తర్వాత ఆ పిల్ల నవ్వు చూశాను.

ఉత్తరం అందింది, హాల్‌టికెట్ వచ్చింది, సాయం వచ్చింది. శైలజ పాసై ఇప్పుడు అనంతపురంలోనే ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉంది. నేను మాత్రం తిప్పన్న ఎనభై గొర్రెల ముందు నిలబడి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో నేను ఏ జంతువో ఏ ఫోనునూ అడగను. ఎవరైనా కష్టముందా అని అడిగితే మోకాలి దగ్గర్నుంచి ఎండిన బోరుదాకా ఒక్కటీ దాచకుండా చెబుతాను, వాళ్ళు చాలు బాబోయ్ అని పారిపోయేదాకా చెబుతాను. ఇది ఓబులేసు ప్రతిజ్ఞ, తిరుగులేదు.

పోయిన నెల మోకాలు పట్టేసి, కుంటుకుంటూ శైలజ ఆసుపత్రికే వెళ్ళాను. డాక్టరుగారు కుర్చీలోంచి తలెత్తి, "ఏమండీ, ఏంటి ఇబ్బంది?" అన్నాడు.

ఆ ప్రశ్న వినగానే కాళ్ళు దగ్గరకొచ్చేశాయి. పట్టేసిన మోకాలు కూడా ఠక్కున లేచింది.

"ఏమీ లేదు సార్!"

మందుల బల్ల దగ్గర్నుంచి శైలజ వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "సార్, ఆయన్ని అడగొద్దండి. నన్నడగండి."